గాల్లో ఆగిన ముద్ద

పురుషోత్తం మాస్టారిని ఏదన్నా అడిగితే జవాబు చెప్పరండి. "ముందు చెప్పులేసుకో" అంటారు. అని లేచి నడుస్తారు, అడిగినవాళ్ళు వెనకాల పరిగెత్తాలి. తాటిపాక బళ్ళో ఉన్నప్పుడూ ఇదే వరస, రిటైరయ్యాక ఇథియోపియా కొండల మీదకెళ్ళి జీతం లేకుండా పిల్లలకి లెక్కలు చెప్పేటప్పుడూ ఇదే వరస. ఆయన నడక చూసి అక్కడి గాడిదలు సిగ్గుపడి దారిచ్చేవి. నమ్మకపోతే మీ ఇష్టం, వెళ్ళి గాడిదల్నే అడుక్కోండి.

ఆయన దగ్గర చదువుకున్న హైమావతి, ఆయన్ని చూసే, సైన్సు చెబుతానని ఆ కొండమీది ఊరెళ్ళింది. ఆ ఊరెంత ఎత్తంటే, పొద్దున్నే మబ్బులు కిటికీలోంచి దూరి బెంచీల మీద కూర్చుని, ఎండెక్కాక లేచిపోయేవి. మరి ఈ పిల్ల తన వెంట ఏం పట్టుకెళ్ళిందనుకున్నారు? ఆవకాయ జాడీ, కందిపొడి, కుక్కరు, తన కంచం, తన గ్లాసు, తన చెంచా. ఆ జాడీ మూత కాస్త వదులైతే, విమానం నడిపేవాడు సముద్రం దాటేదాకా తుమ్ముతూనే ఉన్నాడు.

పాఠం మాత్రం బాగా చెప్పేదండి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మధ్యాహ్నం టీచర్లందరూ ఒకటే పెద్ద పళ్ళెం చుట్టూ చేరితే, ఈవిడ కిటికీ పక్కన కూర్చుని డబ్బా మూత తీసేది. మొదటిరోజు జాగ్రఫీ టీచరు ఎతెనేష్ ముద్ద చేత్తో పట్టుకుని దగ్గరికొస్తే, డబ్బా ఎత్తి చూపించి నవ్వింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎవరూ రాలేదు. కబుర్లు తగ్గిపోయాయి. ఆదివారం వస్తే ఏ గుమ్మంలోంచీ పిలుపు లేదు. గదిలో ఒక్కత్తే కూర్చుని గోడలకి సైన్సు చెప్పుకునే స్థితికొచ్చేసింది. చివరికి పెట్టె సర్దేసుకుని, ఇక వెళ్ళిపోతానని చెప్పడానికి ఓ ఆదివారం మాస్టారి గుమ్మమెక్కింది.

"నేనేం తక్కువ చేశాను మాస్టారూ? వీళ్ళు నన్నెందుకు కలుపుకోరు?"

"చెప్పులేసుకో," అన్నారాయన.

తిన్నగా ఎతెనేష్ ఇంటికే, అదీ భోజనాల వేళకి, చెప్పాపెట్టకుండా. ఆవిడ ఇద్దర్నీ చూసి, ఎందుకొచ్చారని అడక్కుండా చేతుల మీద నీళ్ళు పోసింది. పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. అందులో చాటంత ఇంజెరా. మన దోసెకి మేనమామ వరస, కాకపోతే పులుపెక్కువ. వాళ్ళకి మాంసం ముట్టని ఉపవాసాల కాలం కాబట్టి దానిమీద అన్నీ పప్పుకూరలే, ఒకటి మాత్రం నిప్పుల కుంపటిలా ఎర్రగా ఉంది.

హైమ మెల్లిగా సంచీలోంచి డబ్బా, చెంచా తీసింది. మాస్టారు చూసి కూడా చూడనట్టు తింటున్నారు.

ఎతెనేష్ రెండు ముద్దలు తిని, మూడోది ఆ ఎర్ర కూరతో చుట్టి, హైమ నోటి దగ్గరకి తెచ్చింది. ఆ వేళ్ళు ఇప్పుడే ఆవిడ నోట్లోకి వెళ్ళొచ్చాయి మరి. హైమ నాయనమ్మ ఎలాంటిదనుకున్నారు? గ్లాసుకి పెదవి తగిలిందంటే దాన్ని బూడిదేసి తోమి, ఎండలో బోర్లించి, ఆ పూటంతా ఆ గ్లాసుతో మాట్లాడేది కాదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల, ఎంగిలంటే ఒళ్ళు జలదరిస్తుంది. మొహం పక్కకి తిప్పి, ఇందులో పెట్టండన్నట్టు అరచెయ్యి చాపింది.

ముద్ద గాల్లోనే ఆగిపోయింది. అక్కడ నోటికందించిన ముద్దని చేతిలోకి తీసుకోడమంటే, మన దగ్గర పెట్టిన బొట్టుని పెట్టినవాళ్ళ ఎదురుగానే చెరిపేసుకోడం లాంటిది. ఎతెనేష్ చెయ్యి దించలేదు, తల దించింది. వాళ్ళ భాషలో ఏదో అడిగింది.

"ఏమంటున్నారు మాస్టారూ?"

"చిన్నప్పుడు నీకెవరూ అన్నం తినిపించలేదా అని అడుగుతోంది. పాపం, జాలిపడుతోంది నిన్ను చూసి."

హైమకి ముందు కోపమొచ్చింది. నాకా? నాకెవరూ లేకనా? ఆ కోపంలోనే నాయనమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఆవిడ పెద్ద బేసిన్లో ఆవకాయ అన్నం కలిపి, మనవలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒకే చేత్తో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి నోట్లో ముద్దలు పెట్టేది. మిగిలింది తనూ ఆ చేత్తోనే తినేది. గ్లాసులతో మాట్లాడ్డం మానేసిన మనిషే. ఆ బేసిన్ దగ్గర మాత్రం ఎంగిలన్న మాట ఏనాడూ ఎత్తలేదు.

హైమ చెంచా కింద పెట్టింది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

అక్కడ ప్రేమెంతో ముద్దంతండి. ఎతెనేష్ పెట్టిన ముద్ద కొబ్బరికాయకి తీసిపోదు. బుగ్గలుబ్బి, ముక్కు కారి, ఆ కారానికి హైమ నడినెత్తిన చెంబుడు నీళ్ళు పెడితే కాఫీ కలుపుకోవచ్చు. ఎలాగో మింగింది. మింగి, డబ్బా మూత తీసి, ఆవకాయ అన్నం ముద్ద చేసి, ఎతెనేష్ నోటికందించింది. ఆవిడ ఇదేంటని కూడా అడగలేదు. నమిలింది. కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని, తొడ మీద చరుచుకుని, ఊపిరందాక మళ్ళీ నోరు తెరిచింది.

పొద్దు వాలుతుంటే మాస్టారూ హైమా కొండ దిగుతున్నారు. హైమ ఖాళీ డబ్బా ఊపుకుంటూ, "సర్దిన పెట్టె మళ్ళీ విప్పాలి, ఎంత పనో" అని గొణుక్కుంది. ఇంకాస్త దూరం వచ్చాక మాస్టార్ని పట్టుకుంది.

"అడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. ఇన్నాళ్ళూ లేనిది, ఇవాళే ఎందుకు కలుపుకున్నారు నన్ను?"

మాస్టారు నడక ఆపలేదు.

"ఆవిడ చెయ్యి చాపింది ఇవాళ కాదమ్మాయ్," అన్నారు.