కట్టు విప్పే మల్లయ్య

"కొండ మీది నల్లకుక్కా, కొంగు చింపి కట్టనా,
కట్టి నేను నీళ్ళకెళితే..."

తరువాతి ముక్క జ్ఞాపకం రావడం లేదు. చిన్నప్పుడు మేకల వెంట పోతూ పాడుకునేవాళ్ళం. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నాను గనుక, మిగిలింది పోకముందే రాసి పెడుతున్నాను.

భక్తులారా, ఈదులగుట్ట మీద ఉన్నది చిన్న గుడి. మల్లయ్య లింగానికి అడ్డంగా తెల్లటి చార ఉంటుంది. ఎదుట నంది ఉండవలసిన చోట రాతి కుక్క పడుకుని ఉంటుంది. పండగనాడు తప్ప ఇక్కడ గాలి, దీపం, నేను, అంతే.

పూర్వం ఈ గుట్టపై ఈరక్క అనే గొర్రెల కాపరి ఉండేది. పెనిమిటీ పిల్లలూ జ్వరాలకు పోయారు. పొద్దస్తమానం ఆమె మాట్లాడేది నల్లోడనే తన కుక్కతోనే. ఒక ఎండాకాలం అడవిపంది నల్లోడి తొడ చీల్చింది. ఈరక్క గాయం మీద చేయి వేయగానే, నొప్పికి అది ఆమెనే కరిచింది. ఆమె కోప్పడలేదు. కొంగు చింపి ముందు మూతి కట్టింది. మరో పేలిక మడిచి గాయం మీద అదిమి పట్టుకుంది.

దారిన పోయే కాపరులు నవ్వారు. "కుక్కకు కొంగు చింపినావా ఈరక్కా, రేపు పెండ్లి కూడా చేస్తావా?"

"చేస్తా. మీరొచ్చి డప్పు కొట్టండి," అంది గానీ చేయి తీయలేదు.

నెత్తురు ఆగింది. అలసటకు ఆమెకు అక్కడే కునుకు పట్టింది. కలలో మల్లయ్య వచ్చాడట. ఏమి చెబుతాడో అని చూస్తే, ఆయన నోటికి ఆమె కొంగు పేలికే కట్టి ఉంది! ఒక్క మాటా అనలేక ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఈరక్క ఉలిక్కిపడి లేచింది. మూతి కట్టు విప్పడం మరిచింది! నోరు తెరిచి రొప్పే వీలులేక నల్లోడు ఎండలో ఉడికిపోతున్నాడు. కట్టు లాగేసి, నీడకు చేర్చి, దోసిట నీళ్ళు పట్టింది. చాలాసేపటికి తోక ఒక్కసారి కదిలింది. ఆ చోటే చార ఉన్న ఈ లింగం వెలసిందని పెద్దల మాట.

నేటికీ ఇక్కడికి వచ్చినవారు రాతి కుక్క మూతికి పేలిక వదులుగా కట్టి, తొడ మీద గుడ్డ అదిమి మొక్కుకుంటారు. కట్టు విప్పి, దాని ముందున్న గుంటలో నీళ్ళు పోశాకే తీర్థం. అలా చేసినవారి ఇంట మూగజీవాలు చల్లగా ఉంటాయని, ఒంటరివాళ్ళకు తోడు దొరుకుతుందని నమ్మకం. నాకు దొరికిందా అంటే ఏమి చెప్పను? మా అత్త కదిరమ్మ పోయాక దీపం పెట్టేది నేనొక్కదాన్నే. ఆమె ఆఖరి రోజున, కొడుకు పేరేమన్నా తలుస్తుందేమోనని దగ్గరగా వంగాను. నా చేయి పట్టుకుని అంది:

"సందేళ ఒకపారి చూసిరావే అమ్మీ. ఎవరన్నా కట్టు విప్పకుండా దిగిపోయుంటారు. దానికి దప్పికయితాది."