తాడు పట్టిన తమ్ముడు

ఇటు జరుగు బుజ్జమ్మా, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ విను. ఊఁ ఆపేస్తే నిద్రపోయావనుకుంటాను.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరంత కాదులే, కొండల నడుమ నాలుగు గుడిసెల గూడెం. ఆ గూడెంలో నాగులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు ఈదన్న. ఆమె తమ్ముడు బయ్యన్న. ముగ్గురూ కొండతేనె తీసి బతికేవాళ్ళు.

కొండతేనె అంటే కొమ్మకు పట్టే చిన్న పట్టు కాదమ్మా. గూడెం వెనక గద్దబండ అని నిట్టనిలువు రాయి. దాని నడుముకి, చాటంత చాటంత తేనెపట్లు వేలాడుతుండేవి. కింద నించి ఎక్కడానికి దారి లేదు. పైనించి తాడు కట్టుకుని దిగాల్సిందే.

ఈదన్న నడుముకి తాడు కట్టుకుని దిగేవాడు. బయ్యన్న పైన కూచుని, ఆ తాడుని మద్దిచెట్టు మొదలుకి ఒక చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకునేవాడు. కట్టేస్తే సరిపోదా అంటావా? బావ దిగేకొద్దీ వదలాలి, ఎక్కేకొద్దీ లాక్కోవాలి. కట్టేస్తే ఎలా?

ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉండేది. తాడు పట్టేవాడు, దిగేవాడి పెళ్ళానికి తోబుట్టువే అయ్యుండాలి. ఎందుకో తెలుసా? తన అక్క బతుకు ఆ తాడు కొసన వేలాడుతుంటే ఎవడైనా వదులుతాడా? అందుకు.

అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఒక చలికాలంలో నాగులమ్మా బయ్యన్నల తల్లికి దగ్గు పట్టుకుంది. బయ్యన్నే దగ్గరుండి చూసుకున్నాడు. ఆకు నూరి పోశాడు, కాళ్ళు పట్టాడు. అయినా ఆవిడ దక్కలేదు.

ఆ తర్వాత బయ్యన్న మారిపోయాడు. పొద్దెక్కినా గుడిసెలోంచి బయటికి వచ్చేవాడు కాదు. తలుపు తడిక వేసుకుని చీకట్లో కూచునేవాడు. జావ పోసిస్తే అలాగే తొరక కట్టేది. ఎవరు పలకరించినా ఒకటే మాట. "నాకేం? బాగానే ఉన్నాను." మనిషి చూస్తే ఎప్పట్లాగే దిట్టంగా ఉండేవాడు. దాంతో ఎవరికీ ఏమీ తెలియలేదు.

అప్పుడు ఎండాకాలం వచ్చింది. తేనె పండింది.

మొదటిసారి ఈదన్న దిగినప్పుడు తాడు మూరెడు జారింది. గాలికేమోలే అనుకున్నాడు ఈదన్న.

రెండోసారి దిగినప్పుడు నిలువెత్తు జారింది. ఈదన్న మోకాలు రాతికి కొట్టుకుని చీరుకుపోయింది. పైకొచ్చాక, "ఏమైందిరా బయ్యా?" అన్నాడు. "చెయ్యి చెమట పట్టింది బావా" అన్నాడు బయ్యన్న, మొహం తిప్పుకుని.

మూడోసారి ఏమవుతుందో అని నాగులమ్మకి భయం పట్టుకుంది. ఆమె ఎప్పుడూ బండ కింద తేనెబుట్ట పట్టుకుని నిలబడేది. ఆ రోజు మాత్రం బుట్ట కిందే వదిలేసి, చుట్టుదారి పట్టి పైకెక్కింది. ఎక్కి చూస్తే ఏముంది! తాడు ఇంకా కట్టలేదు, ఈదన్న ఓ పక్కన పట్టుకి పొగ పెట్టడానికి పచ్చాకు కోస్తున్నాడు. బయ్యన్న మద్దిచెట్టుకి ఆనుకుని, తాడు కొస ఒళ్ళో పెట్టుకుని, కూచున్నచోటే నిద్రపోతున్నాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. వేళ్ళు వణుకుతున్నాయి.

నాగులమ్మ అరవలేదు. తమ్ముడి ఒళ్ళోంచి తాడు మెల్లగా తీసి, చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. "ఇవాళ ఎవరూ దిగొద్దు" అంది. ఈదన్న ఆమె మొహం చూశాడు. కోసిన ఆకు పక్కన పడేసి లేచాడు.

కానీ గూడెం ఊరుకుంటుందా? ఆ తేనె పట్టుకెళ్ళి మైదానం సంతలో ఇస్తేనే అందరికీ జొన్నలు వచ్చేది. సాయంత్రం గూడెం పెద్ద పోతన్న వచ్చాడు.

"పడమట మబ్బు పడుతోంది నాగులూ. వాన పడిందంటే పట్లు కారిపోతాయి, ఈగలు లేచిపోతాయి. నీ తమ్ముడికి చేతకాకపోతే చెప్పు, కట్టుబాటు పక్కనపెట్టి తాడు ఇంకొకరికి ఇద్దాం."

తాడు ఒకసారి చేతులు మారితే మళ్ళీ బయ్యన్న చేతికి రాదు. వాడికి గూడెంలో తలెత్తుకునే దారి ఉండదు. పోనీ అలాగే పట్టమందామా, మొగుడి ప్రాణానికే ముప్పు. నాగులమ్మ మొగుడి కేసి చూసింది.

అప్పుడు ఈదన్న అన్నాడు. "నేను ఇంకో చేతి మీద దిగను పెద్దయ్యా. వాన వచ్చేలోగా చూద్దాం."

పోతన్న మబ్బు కేసి చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాగులమ్మ తమ్ముడి గుడిసెకి వెళ్ళింది. తడిక తోసుకుని లోపలికి పోయి ఎదురుగా కూచుంది. "ఎన్నాళ్ళయిందిరా నిద్రపోయి?" అంది.

"బాగానే ఉన్నాను" అన్నాడు.

ఆమె లేవలేదు. చీకటి పడేదాకా అలాగే కూచుంది. చివరికి బయ్యన్న నోరు విప్పాడు. "అమ్మ పోయే పూట నీళ్ళడిగిందక్కా. నేను కునుకు తీశాను. లేచి చూసేసరికి ముంత దొర్లి ఉంది. కళ్ళు మూస్తే ఆ ముంత చప్పుడే వినిపిస్తోంది. నిద్రపోతే మళ్ళీ ఎవరో పోతారని భయం."

చూశావా బుజ్జమ్మా, అంత మాట కడుపులో పెట్టుకుని తిరిగాడు పిచ్చివాడు. నాగులమ్మ ఏడ్చింది. ఆమెకీ తల్లే కదా. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అంది. "సరే. నువ్వు పడుకో. నేను గడపలో పడుకుంటాను. ఎవరు నీళ్ళడిగినా నేను వింటాను, నేను లేస్తాను. అది నా పని. నిద్రపోవడం నీ పని."

ఆ రాత్రి బయ్యన్న పడుకోలేదు. పడుకున్నట్టు నటించాడు. కానీ తెల్లారగానే అక్క చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. వాగు దగ్గరికి తీసుకెళ్ళి తల మీద చన్నీళ్ళు కుమ్మరించింది. లేత ఎండలో కూచోబెట్టి, ముంతెడు రాగిజావ ఇచ్చి, తాగేదాకా కదలనివ్వలేదు. ఆ తర్వాత గునపం చేతికిచ్చి, "పద, గడ్డలు తవ్వాలి" అని అడవికి నడిపించింది. చెమట కారేదాకా నడిచారు, తవ్వారు. పొద్దు వాలాక గుడిసె బయట కూచోబెట్టి, "ఇప్పుడు అమ్మ గురించి ఒక మాట చెప్పు, నవ్వొచ్చేదైనా సరే, ఏడుపొచ్చేదైనా సరే" అంది. చెప్పాక, దీపం ఆర్పి పడుకోమంది. తాను గడపలో పడుకుంది.

ఇంతేనా అంటావు. ఇంతేనమ్మా. మంత్రం లేదు, మాయ లేదు. కానీ రోజూ చెయ్యడం ఎంత కష్టమో చూడు.

ఒకరోజు బయ్యన్న తెల్లారకముందే లేచి అడవిలోకి పారిపోయాడు. నాగులమ్మ వెతికి వెతికి తీసుకొచ్చింది. ఇంకో రోజు ఇప్పసారా తాగి, జావ ముంత ఎత్తి నేలకేసి కొట్టాడు. నాగులమ్మ పెంకులు ఏరి, ఇంకో ముంతలో పోసింది. మరో రోజు, "నన్ను వదిలెయ్ అక్కా, తాడు ఎవరికైనా ఇచ్చెయ్" అని కాళ్ళ మీద పడ్డాడు. ఆ రోజు నాగులమ్మకి కూడా ఓపిక అయిపోయింది. గుడిసె వెనక్కి పోయి గోడకి తల ఆనించి నిలబడింది. అప్పుడు ఈదన్న వచ్చి, "ఇవాళ నువ్వు కూచో, నేను తీసుకెళ్తాను" అని బయ్యన్నని వాగుకి తీసుకెళ్ళాడు.

పడమట మబ్బు రోజురోజుకీ నల్లబడుతోంది.

ఆ తర్వాత ఒక రాత్రి, గడపలో పడుకున్న నాగులమ్మకి గురక వినిపించింది. లేచి కూచుంది. తమ్ముడిదే. నోరు తెరుచుకుని పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. ఆమె అలా వింటూ కూచుంది.

మెల్లమెల్లగా జావ ముంత ఖాళీ అవడం మొదలైంది. వేళ్ళ వణుకు తగ్గింది. ఈదన్న ఏం చేశాడంటే, నడుముకి తాడు కట్టుకుని, కొస బయ్యన్న చేతికిచ్చి, వాగు పక్కన పొట్టి రాతి మీంచి వేలాడేవాడు. పడినా ఇసకలోనే పడేవాడు. "బయ్యా, నేను కదిలినప్పుడు ఊపిరి మెల్లగా వదులు. ఆగినప్పుడు పీల్చు. తాడు అదే చెప్తుంది నీకు" అనేవాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు ఇసకలో పడ్డాడు కూడా. లేచి, దులుపుకుని, మళ్ళీ కట్టుకున్నాడు.

ఒక పొద్దున ఉరుము ఉరిమింది. పోతన్న పరుగున వచ్చాడు. "ఇక లేదు. ఇవాళ దిగాలి, లేదంటే ఈ ఏటికి తేనె లేనట్టే."

ఈదన్న బయ్యన్న కేసి చూశాడు. బయ్యన్న అరచేతులు తెరిచి చూసుకున్నాడు. "దిగు బావా" అన్నాడు.

నాగులమ్మ కింద బుట్ట పట్టుకుని నిలబడింది. పైన మొగుడు, ఇంకా పైన తమ్ముడు. ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. చూడటమే.

ఈదన్న దిగాడు. పచ్చాకుల కట్టకి పొగ పెట్టి పట్టు కిందికి చాపాడు. ఈగలు పక్కకి తొలిగాయి. కొడవలితో ఒక పట్టు కోశాడు, బుట్టలో పడింది. రెండోది కోశాడు. మూడోదానికి చెయ్యి చాపాడు.

అప్పుడు గాలి తిరిగింది.

పొగ కాస్తా అవతలికి పోయింది. ఈగలు ఝుమ్మని ఒక్కసారిగా లేచాయి. నల్లటి మబ్బులా లేచి, ఈదన్నని దాటుకుని, నేరుగా పైకి, బయ్యన్న మీదికి పోయాయి. మొహం మీద కుట్టాయి, మెడ మీద కుట్టాయి, తాడు పట్టిన చేతుల మీద కుట్టాయి. దులుపుకోవాలంటే చెయ్యి వదలాలి.

కింద నాగులమ్మకి తాడు గజగజ వణకడం కనిపించింది. మూరెడు జారింది. ఇంకో మూరెడు జారింది.

అంతలో పైనించి పెద్ద అరుపు వినిపించింది. "బావా! భయంగా ఉంది బావా!"

ఎన్ని నెలల తర్వాతో ఆ నోటి నుంచి అలాంటి మాట వచ్చింది.

ఈదన్న రాతికి అతుక్కుని, అంతే గట్టిగా అరిచాడు. "నాకూ భయంగానే ఉందిరా! ఊపిరి వదులు! మెల్లగా వదులు! నేనెక్కుతున్నా!"

జారడం ఆగింది. తాడు వణుకుతూనే ఉంది గానీ నిలబడింది. ఈదన్న కాలితో రాయి తన్ని ఒక అడుగు ఎక్కాడు. పైన ఊపిరి వదిలిన చప్పుడు, వదులైన తాడు లాక్కున్న చప్పుడు. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ ఊపిరి. కుడుతున్నా లాగాడు, కళ్ళు వాచి మూసుకుపోతున్నా లాగాడు. కొండ అంచున ఈదన్న చెయ్యి కనిపించింది. ఆ తర్వాత తల. ఆ తర్వాత మనిషి వచ్చి బయ్యన్న మీద పడి, తన తలగుడ్డ విప్పి వాడి మొహం కప్పేశాడు. అలాగే ఇద్దరూ పొదల్లోకి దొర్లారు.

చుట్టుదారిన నాగులమ్మ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఎక్కేసరికి ఇద్దరూ పక్కపక్కన పడి ఉన్నారు. బయ్యన్న మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఆమె ఈగల ముళ్ళు ఏరుతుంటే, వాన మొదలైంది.

ఆ ఏడు దొరికిన తేనె రెండు పట్లే. పోతన్న జొన్నలు సగమే తెచ్చాడు, గూడెం గడ్డలు తిని గడిపింది. ఎవరూ తిట్టలేదు.

బయ్యన్న పూర్తిగా మునుపటిలా అయిపోయాడా అంటే, లేదమ్మా. కొన్ని రోజులు మళ్ళీ మనసు బరువెక్కేది. కానీ అలాంటి రోజున దాచుకోలేదు. పొద్దున్నే వచ్చి, "బావా, ఇవాళ నా చెయ్యి బాగోలేదు" అని చెప్పేవాడు. ఈదన్న సరేనని నడుము కట్టు విప్పేవాడు. ఇద్దరూ కలిసి వాగుకి పోయి, చేపలు పట్టుకుని, చెట్టు కింద కాల్చుకు తిని వచ్చేవాళ్ళు. నాగులమ్మ వాళ్ళ కోసం ఉప్పూ కారం నూరి ఉంచేది.

ఊఁ అనడం లేదేమే? కళ్ళు వాలిపోతున్నాయి. సరే సరే.

కథ కంచి బండెక్కింది,
కునుకు మన గడపెక్కింది.
దుప్పటేమో మెడదాకా,
నిద్దరేమో తెల్లారేదాకా.