ఇసకపాలెం వీరన్నకు సింధూరం ఎందుకు పూయరు

తేనెలగెడ్డ అనే ఏరు సముద్రంలో కలవడానికి కొంచెం ముందు, తాటితోపుల నడుమ, ఇసకపాలెం అనే గ్రామం ఉంది. ఊరికి తూర్పున, గెడ్డ ఒడ్డున, నాలుగు స్తంభాల మండపంలో శ్రీ వీరన్నస్వామి కొలువై ఉన్నారు. స్వామివారికి విగ్రహం లేదు. ఛాతీ ఎత్తున నిలబెట్టిన ఒక నల్లరాతి పలకయే స్వామి. బస్సు దిగి నడిచివచ్చే దారిలో దుకాణాలున్నాయి. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, సాంబ్రాణి దొరుకుతాయి. సింధూరం పొట్లం కూడా అడగ్గానే ఇస్తారు. దాన్ని గుడి మెట్టు ఎక్కనివ్వరన్న సంగతి మాత్రం కొన్నాక చెబుతారు.

ఈ స్వామికి సింధూరం, పసుపు, గంధం, నూనె ఏదీ పూయరాదు. నీళ్ళు పోయవచ్చు. ఎన్ని బిందెలైనా పోయవచ్చు. మిగిలిన క్షేత్రాల్లో అలంకరించినవారికి పుణ్యం, ఇక్కడ కడిగినవారికి పుణ్యం. ఈ ఆచారం ఎలా వచ్చిందో తెలియక కొందరు భక్తులు పూజారితో వాదం పెట్టుకుంటున్నారు. వాదం కన్నా కథ మేలని పెద్దలు చెప్పినదాన్ని ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడికి ఎగువన ఉన్న నేరేడువలస నుంచి, జర్మనీ యుద్ధం అనే మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, చాలామంది మగవాళ్ళు సర్కారు కొలువుకు ఓడలెక్కి బస్రా వెళ్ళారు. సిపాయిలుగా వెళ్ళినవారు కొందరు, మూటలు మోయడానికి వెళ్ళినవారు కొందరు. వారందరి బట్టలు ఉతకడానికి ఊరి చాకలి కూడా వెళ్ళాడు. అతడి భార్య అసిరమ్మ. అతడి పేరేమిటని మీరు అడగవచ్చు. పెనిమిటి పేరు నోట పలికితే అతడి ఆయుష్షు తరుగుతుందని ఆ కాలపు ఇల్లాళ్ళు నమ్మేవారు. అసిరమ్మ కలలో కూడా ఆ పేరు పలకలేదు. ఆమె పలకని పేరు మనం ముందుగా పలకడం మర్యాద కాదు గనుక, దాని వేళకు అదే వస్తుంది.

యుద్ధం ముగిసింది. వెళ్ళినవారిలో కొందరు తిరిగివచ్చారు, కొందరి చావుకబురు వచ్చింది. అసిరమ్మ మగడి విషయంలో మనిషీ రాలేదు, కబురూ రాలేదు. అంతలో, రంగం అని జనం పిలిచే రంగూను నుంచి వచ్చిన ఒకడు, ఆ చాకలిని అక్కడి రేవులో చూశాననీ, పక్కన ఇంకో ఆడమనిషి ఉందనీ చెప్పాడు. చూసినది వీపునేనని తర్వాత ఒప్పుకున్నాడు గాని, అప్పటికే ఆ మాట ఊరంతా తిరిగి వచ్చింది. కుండ మూతి మూయవచ్చు, లోకుల మూతి మూయలేం. యుద్ధంలోంచి పారిపోయిన పిరికివాడని మగవాళ్ళూ, పెళ్ళాన్ని వదిలేసినవాడని ఆడవాళ్ళూ తీర్మానించారు.

దాంతో అసిరమ్మ బతుకు అటూ ఇటూ కాకుండా పోయింది. మగడు వదిలేసినదని పేరంటాలకు పిలవరు. పోనీ, పోయినవాడికి ఏడాదికోసారి దినం పెట్టుకుంటానంటే కులపెద్ద సన్నాసి ఒప్పుకోడు.

"బతికున్నోడికి పిండమెట్టడమేటే? నాను సేయించను. ఆడు రంగంలో సుకంగా ఉన్నాడు" అనేవాడు.

అసిరమ్మ మాత్రం ఒక్కనాడు కూడా తల దించలేదు. "ఇంటింటి గుడ్డా ఏ ఇంటిదో ఆ ఇంటికే సేర్సినోడు బావూ మా ఆయన. తన ఇల్లు మర్సిపోతాడేటి?" అని ఎదురు అడిగేది. అడిగినంత మాత్రాన పెద్దమనుషులు మాట మార్చుకుంటారా?

ఆ రోజుల్లోనే, యుద్ధంలో ప్రాణాలు విడిచినవారి పేర్లు రాతిపై చెక్కించి ఊరిలో నిలబెట్టాలని సర్కారువారు తలపెట్టారు. చుట్టుపక్కల అంతా ఇసక నేల, మంచి రాయి దొరకదు. నేరేడువలస పెద్దలు వెతికి వెతికి చివరకు చాకిరేవులోని బండను పెకలించి పట్నం పంపారు. అది అసిరమ్మ మామ కొండ నుంచి దొర్లించుకువచ్చిన బండ, ఆమె మగడు పుట్టిబుద్ధెరిగినప్పటి నుంచీ బట్టలు బాదిన బండ. పేర్లు సర్కారువారే నేరుగా శిల్పికి ఇచ్చారు. శిల్పి అరిగిన వైపు వదిలి, అడుగువైపు నున్నగా ఉంటే అక్కడ చెక్కాడు. పలక బండి మీద ఊరికి వస్తుండగా గెడ్డకు ఒక్కసారిగా వరద వచ్చింది. ఎడ్లనూ తోలేవాడినీ ఎలాగో ఒడ్డుకు లాగారు. పలకా, బండీ నీళ్ళపాలయ్యాయి. పని చేయించిన అధికారికి వేరే జిల్లాకు బదిలీ అయింది. పలకపై ఎవరి పేర్లున్నాయో ఊరిలో ఒక్కరూ చదవనేలేదు. రాయి పోయిందని బాధపడ్డవారు కూడా అసిరమ్మ తప్ప ఎవరూ లేరు. తన మగడు పారిపోయాడో ప్రాణం ఇచ్చాడో చెప్పగలిగిన సాక్షి ఆ రాయి ఒక్కటే అని ఆమె నమ్మకం.

ఇది ఎగువన సంగతి. దిగువన ఇసకపాలెంలో బైరాగి అనే పశువుల కాపరి ఉండేవాడు. ఒక ఎండాకాలం అతడి చూలుగేదె తప్పిపోయింది. వెతగ్గా వెతగ్గా, గెడ్డ ఇసకలో సగం కూరుకున్న ఒక రాయి పక్కన, అప్పుడే పుట్టిన దూడతో సహా నెమరు వేస్తూ కనిపించింది. బైరాగి ఆ రాయిని తవ్వి నిలబెట్టాడు. పైభాగాన రెండు కత్తులు అడ్డంగా చెక్కి ఉన్నాయి. వీరుడే అనుకుని దండం పెట్టాడు. కింద ఏవో గీతలు కూడా చూశాడు. చదువు రానివాడికి దేవుడి ఒంటి మీద గీతలుండటం వింతగా తోచలేదు. సింధూరం నూనెలో కలిపి నిండుగా పూశాడు. తర్వాత ఊరు పూసింది, ఆ తర్వాత పొరుగూళ్ళు పూశాయి. కోరిక తీరినవారు తీరినందుకూ, తీరనివారు తీరాలనీ పూశారు. నరసన్నదాసు పూజారిగా కుదిరేనాటికి స్వామి అరచేతి మందాన ఎర్రపూత కప్పుకుని ఉన్నారు. భక్తి ఎంత పెరిగితే పేర్లు అంత లోతుకు పోయాయి.

అలా కొన్నేళ్ళు గడిచాక అసిరమ్మకు కల వచ్చింది. మగడు ఎర్రటి కోటు తొడుక్కుని, చెమటలు కారుతూ నిలబడి, "అసిరీ, ఉక్కపోసి సచ్చిపోతన్నానే. ఈ కోటు ఇప్పి నాలుగు కడవల నీళ్ళు పొయ్యే" అన్నాడు. కలలో వచ్చేవారు పని చెబుతారే గాని ఊరు చెప్పరు. అసిరమ్మ గెడ్డ పొడవునా రేవులన్నీ అడుగుతూ తిరిగింది. నవ్వినవారు నవ్వారు. ఆమె అడగడం మానలేదు.

వీరన్న జాతర ముందు, ఇసకపాలెంలోని ఆమె చుట్టాలు పని ఎక్కువై సాయానికి రమ్మన్నారు. మూటలో గుడి తువ్వాళ్ళు వచ్చాయి. ఎంత ఉతికినా వాటి ఎరుపు వదలడం లేదు.

"ఇది ఏ దేవుడి గుడ్డర్రా, ఇంత రంగు కక్కుతున్నాది?" అని అడిగి, తడిచేతులతోనే గుడికి వెళ్ళింది.

అందరూ స్వామికి ఎదురుగా దండం పెట్టారు. అసిరమ్మ వెనక్కి వెళ్ళింది. వెనకవైపు ఎవరూ సింధూరం పూయలేదు. చెయ్యి పెట్టి తడిమింది. రాయి ఎడమ అంచుకు ఏటవాలుగా అరిగి ఉంది. లోకంలో ఏ చాకిరేవు బండైనా కుడివైపు అరుగుతుంది. ఆమె మగడిది ఎడమచేతి వాటం. అసిరమ్మ అరచెయ్యి ఆ పల్లంలో ఆనించింది. ఆమెకు ఇక అనుమానం లేదు.

నేరుగా నరసన్నదాసు దగ్గరకు వెళ్ళి సంగతంతా చెప్పి, పూత తీయాలని అడిగింది. దాసు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"దేవుడి ఒంటి మీద పూత గీకుతావేటమ్మీ? ఊరు ఊరుకుంటాదా?"

"గీకమని నానేల అంటాను బావూ? తానం సేయిద్దాం. పెళ్ళికొడుక్కైనా తలంటు పోసినాకే కొత్తబట్ట కడతారు. మీ దేవుడికి తానం సేయించి ఎన్నేళ్ళయినాది?"

ఊరివాళ్ళు పోగయ్యారు. స్వామికి కోపం వస్తే ఎవరు పడాలని ఒకరు, రాయి మీద ఏమీ లేకపోతే ఏమిటని ఇంకొకరు అడిగారు.

"కోపమొస్తే నా మీదే రానీండి. ఏటీ నేకపోతే ఈ పూత మళ్ళీ నా సేత్తోనే పూస్తాను. మా ఆయన పారిపోనాడని ఈ గుడి ముందర నిలబడి నానే సాటుతాను" అంది అసిరమ్మ.

ఆ మాటకు ముసలి బైరాగి ముందుకు వచ్చాడు. స్వామిని తవ్వి తీసినది తానే గనుక తనకూ ఒక మాట ఉందన్నాడు. "నా గేదిని సూపించిన దేవుడు, ఈయమ్మ మనిషిని సూపించడేటి? పోయనీండి నీళ్ళు" అన్నాడు. ఇంక ఎవరూ అడ్డు చెప్పలేదు.

అసిరమ్మ బానలో బట్టల మురికి వదిలించే చవుడుమన్ను కలిపి నీళ్ళు కాచింది. పాతగుడ్డలు ఆ వేడినీళ్ళలో ముంచి, జ్వరం వచ్చిన బిడ్డకు కప్పినట్టు రాయికి చుట్టింది. చల్లారగానే తీసి మళ్ళీ వేడివి చుట్టింది. మధ్యాహ్నానికి పూత మెత్తబడి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నీళ్ళు గెడ్డదాకా ఎర్రగా పారాయి. ముందుగా కత్తులు, వాటి కింద అక్షరాలు కనిపించాయి.

రామాయణం చదవగలిగినవాడు ఆ ఊళ్ళో దాసు ఒక్కడే. "నీ పెనిమిటి పేరేటో సెప్పు, ఎతుకుతాను" అన్నాడు.

"నాను పలకకూడదు బావూ. మీరే వరసగా సదవండి."

దాసు చదివాడు. గొర్లె సింహాద్రి, సిపాయి. యడ్ల లచ్చన్న, సిపాయి. బోను అప్పన్న, మూటల కూలీ. పాడి తవిటయ్య, సిపాయి. ప్రతి పేరుకూ అసిరమ్మ "మా ఊరోడే" అంటూ వచ్చింది. వాళ్ళ ఆడవాళ్ళు ఏడ్చిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. దాసు ఆగి, "అయిపోయినాయమ్మీ" అన్నాడు. జనం గుసగుసలాడారు. గుంపులో ఎవరో నవ్వారు కూడా.

అసిరమ్మ కళ్ళు రాయి అడుగుకు వెళ్ళాయి. పైనుంచి కారిన నూనె అంతా పేరుకుని, అక్కడ పూత ఇంకా గట్టిగా ఉంది. "తానం కానేదు, పేర్లెలగ అయిపోతాయి?" అని ఆమె మళ్ళీ గుడ్డ ముంచింది. మోకాళ్ళ మీద కూర్చుని, చవుడు వేసి, బొటనవేలితో రుద్దింది. చివరి పెచ్చు ఊడిపడింది. దాసు నేలకు వంగి చదివాడు.

"చాకలి గురువులు."

ఆ పేరు తనకు ఎవరూ చెప్పలేదని దాసుకు తెలుసు, ఊరందరికీ తెలుసు. "ఇతగాడేనా?" అని అడిగాడు. అసిరమ్మ తల ఊపింది. ముందు నవ్వింది. "పారిపోనేదు. సూసినారా, పారిపోనేదు" అని అందరి మొహాలూ చూస్తూ నవ్వింది. పారిపోలేదంటే ఇంకేమిటో అప్పుడు ఆమెకు తగిలింది. ఇన్నేళ్ళూ ఊరు కాదన్నా పోరాడి గెలుచుకున్నది అతడి చావునే. రాయిని కావలించుకుని ఏడ్చింది. ఇసకపాలెం ఆడవాళ్ళు పట్టుకోబోయారు గాని, రాయి మీంచి కారుతున్న నీళ్ళు దోసిట పట్టి తన నుదుటి బొట్టు తానే కడుక్కుంది. తరగడానికి ఇక ఆయుష్షు లేదు గనుక, జీవితంలో మొదటిసారి మగణ్ణి పేరు పెట్టి పిలిచింది.

"గురువులూ!"

ఆ పిలుపు గెడ్డ అవతలి పొలాల్లో ఉన్నవారు కూడా విన్నారని చెబుతారు.

కబురు తెలిసి నేరేడువలస వారు బండి కట్టుకుని వచ్చారు. పలక తమదన్నారు. ఇసకపాలెం వారు దేవుడు తమవాడన్నారు. కర్రలు లేచేదాకా వచ్చింది. చివరకు బండ ఎవరి రేవుదో వారినే అడుగుదామని అసిరమ్మ వైపు తిరిగారు. అప్పుడు ఆమె, "మనూరు దీన్ని ఎతకనేదు. ఈళ్ళు పేరు తెలీకపోయినా రోజూ దీపమెట్టినారు. ఈడే ఉండనీండి. కావలిస్తే మీరే రండి" అంది. సన్నాసి ముందుకు వచ్చి, తలపాగా తీసి, గురువులు దినం ఆ ఏడు తానే దగ్గరుండి చేయిస్తానన్నాడు. చేయించాడు కూడా.

నాటి నుంచి స్వామికి పూత లేదు. ఏటా జాతర తొలిరోజున నేరేడువలస వారు తమ చాకిరేవు నీళ్ళు కడవలతో తెచ్చి అభిషేకం చేస్తారు. తొలి కడవ మగణ్ణి పోగొట్టుకున్న ఆడపడుచు చేతి మీదుగా పోయిస్తారు. సైన్యంలో ఉన్నవారి తల్లులూ భార్యలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి నీళ్ళు పోస్తారు. దూరాన ఉన్నవారు క్షేమంగా వస్తారనీ, జాడ తెలియనివారి కబురు తెలుస్తుందనీ, అన్యాయంగా నింద పడ్డవారికి ఆ నింద తొలగుతుందనీ భక్తుల విశ్వాసం.

అభిషేకం అయ్యాక పూజారి పేర్లు చదువుతారు. ఒక్కొక్క పేరుకూ ఆ ఇంటివారు లేచి "మావాడే" అని పలుకుతారు. గురువులుకూ అసిరమ్మకూ పిల్లలు లేరు. ఆ పేరు వచ్చినప్పుడు రెండు ఊళ్ళవారూ లేచి నిలబడి "మావాడే" అంటారు.