వెనక సీటు

కొడవలి మలుపు దగ్గర సుభద్ర బండి మూడోసారి తారు దాటి గులకరాళ్ళలోకి పోయింది.

పడలేదు. పడబోయే బండిని నిలబెట్టుకోవడం ఆమెకి బాగా వచ్చు. కాళ్ళు రెండూ బారజాపి, రాళ్ళు ఎగజిమ్ముకుంటూ మళ్ళీ తారు మీదికి తెచ్చింది. అప్పటిదాకా ఆమె వెనకే ఉన్న ఇద్దరు ఆ కాస్తలో దాటిపోయారు.

పందెం ట్రాక్ మీద మోటారు సైకిలు నడపడం నేర్పే బడి అది. అనంతపురం అవతల, పొద్దున్న ఎనిమిదికే ఎండ చుర్రుమనే మైదానంలో రెండు కిలోమీటర్ల తారు చుట్టు. మూడు రోజుల తరగతి. పదకొండు మంది శిష్యుల్లో పదిమంది హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ సరదా కొద్దీ వచ్చినవాళ్ళు. సుభద్ర ఒక్కతే పని మీద వచ్చింది.

పాడేరు మన్యంలో ఆమె బైకు అంబులెన్సు నడుపుతుంది. కారూ జీపూ ఎక్కలేని కొండ గూడేలకి వెళ్ళి, రోగిని వెనక కూర్చోబెట్టుకుని, కింద రోడ్డు మీద ఆగి ఉన్న పెద్ద అంబులెన్సుకి చేరుస్తుంది. ఆరేళ్ళుగా అదే పని. ఆ ఘాట్ రోడ్డులో ఆమె బండిని దాటినవాడు లేడు. ఈ ఏడు వాళ్ళ సంస్థ ఇంకో పన్నెండు మందిని తీసుకుంటోంది. "వాళ్ళకి నేర్పేది నువ్వే. ముందు ఆ బడికి పోయి, మాస్టారి చేత సరే అనిపించుకుని రా" అని పంపించారు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కిందటి వానాకాలం, నొప్పులు పడుతున్న ఓ మనిషి కోసం ఖాళీ బండి మీద కొండెక్కుతూ ఒక మలుపులో పడింది. వంగిపోయిన బ్రేకు పెడలు రాయితో కొట్టి సరిచేసుకుని వెళ్ళేసరికి గంటన్నర పట్టింది. ఆ మనిషి టార్పాలిన్ కిందే ప్రసవించింది. తల్లీ బిడ్డా క్షేమం. వాన వల్ల ఆలస్యమైందని రిపోర్టులో రాసింది సుభద్ర. వాన పడిన మాటా నిజమే.

బడి నడిపే ఖాదర్ వలీ మాస్టారికి అరవై దాటాయి. ఒకప్పుడు పందేలు గెలిచిన మనిషి. ఎడమ మోకాలు సగమే వంగుతుంది. ఎక్కువ మాట్లాడడు. ట్రాక్ అంచునున్న గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని చూస్తూ కూర్చుంటాడు.

రెండో రోజు మధ్యాహ్నం సుభద్ర ఆయన ముందు బండి ఆపి హెల్మెట్ తీసింది.

"మాస్టారూ, తిన్నటి దారిలో నన్ను ఎవరూ అందుకోలేకపోతున్నారు. ఆ ఒక్క మలుపే లొంగడం లేదు. ఇంకాస్త ఆలస్యంగా బ్రేకు వేస్తే సరిపోతుందంటారా?"

మాస్టారు స్టాప్‌వాచ్ చూశాడు. "నిమిషం నలభై ఒకటి. ఆరో స్థానం."

"ఆరా?" ఆమె నమ్మలేకపోయింది. "మా ఘాట్లో ఇంతకంటే గట్టి మలుపులు రోజుకి రెండొందలు తిప్పుతాను మాస్టారూ. భయమనేది లేదు నాకు."

"భయం సంగతి నేనడగలేదు" అన్నాడాయన. కుర్చీలోంచి లేచి, గోడ మీదున్న హెల్మెట్ తీసి పెట్టుకున్నాడు. "కాస్త ముందుకు జరుగు."

ఆయన ఎక్కడానికి చాలాసేపు పట్టింది. వంగని కాలు సీటు మీదుగా తేవడానికి ఆమె భుజం పట్టుకున్నాడు. కూర్చున్నాక ఆ చెయ్యి కూడా తీసేశాడు.

"పట్టుకోండి మాస్టారూ."

"పట్టుకోను. పోనీ."

సుభద్ర బండి కదిలించింది. మొదటి మలుపు ముందు ఎప్పటిలాగే బ్రేకు నొక్కింది. వెనకనుంచి ఆయన హెల్మెట్ వచ్చి ఆమె హెల్మెట్‌కి టక్‌మని తగిలింది. మలుపు తిరిగి రేజు ఇచ్చింది. ఆయన వెనక్కి విరుచుకుపోయి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. పెద్దాయన పడిపోతాడేమోనని ఆమె వీపు బిగుసుకుంది.

కొడవలి మలుపు దగ్గర మళ్ళీ టక్. అక్కడ అది రెండుసార్లు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఏడు దెబ్బలు. ఆయన ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

రెండో చుట్టులో బ్రేకు కాస్త ముందుగా వేసింది. ఒక్కసారే నొక్కకుండా, మొదట వేళ్ళు ఆనించి, బండి ముందుభాగం కొంచెం కిందికి దిగాక బరువు పెంచింది. నాలుగు దెబ్బలు.

మూడో చుట్టులో రెండు.

నాలుగో చుట్టులో ఆమె చెవులు రెండూ వెనకే ఉన్నాయి. మలుపు కనబడగానే చేతులు వాటంతట అవే మెత్తబడ్డాయి. కొడవలి మలుపులో బండి తారు అంచుని రాసుకుంటూ, ఎవరో గీత గీసినట్టు తిరిగి బయటికి వచ్చింది. గులకరాళ్ళు ఎక్కడో దూరాన ఉండిపోయాయి. ఒక్క దెబ్బ కూడా వినబడలేదు.

ఐదో చుట్టులో మాస్టారు వెనక ఉన్నాడా లేడా అని ఆమెకి అనుమానం వచ్చింది. ఉన్నాడు. ఆయన ఊపిరి నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఆమె వీపుకి తెలుస్తోంది.

గోడ దగ్గర ఆపింది. ఆయన ఎంత మెల్లగా ఎక్కాడో అంతే మెల్లగా దిగి, కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు.

సుభద్ర ముఖం వెలిగిపోతోంది. "తెలిసింది మాస్టారూ. ఇప్పుడు చూడండి."

"చూస్తా."

ఆమె బయల్దేరింది. వెనక బరువు లేదు. బండి పిట్టలా తేలిపోతోంది. తిన్నటి దారిలో అంతకుముందెప్పుడూ అందుకోనంత వేగం అందుకుంది. బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. కొడవలి మలుపు దగ్గరకొచ్చింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ చివరి క్షణంలో బ్రేకు గట్టిగా పట్టింది. వెనక చక్రం గాల్లోకి లేచి బండిని పక్కకి విసిరింది. మళ్ళీ గులకరాళ్ళు. ఈసారి పడింది కూడా.

దెబ్బలేం తగల్లేదు. బండి లేపుకుని, మోచేతుల దుమ్ము దులుపుకుంటూ గోడ దాకా నడిపించుకొచ్చింది. మిగతావాళ్ళంతా నీడలో నిలబడి చూస్తున్నారు. ఆమె ఎవరివైపూ చూడలేదు.

"మీరున్నప్పుడు బాగానే వచ్చింది మాస్టారూ" అంది.

"ఊఁ."

"మీరు దిగిపోయాక..."

మాస్టారు ఆమె ముఖంలోకి చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నేను దిగింది నిజమే. నువ్వెందుకు దింపేశావు?"

సుభద్ర కొడవలి మలుపు వైపు తిరిగి చూసింది. ఖాళీ బండి మీద ఎక్కిన కొండ దారి, టార్పాలిన్ మీద వాన చప్పుడు, రిపోర్టు కాగితం మీద తను రాసిన ముక్క, అన్నీ ఒక్కసారే వచ్చి ఎదుట నిలిచాయి.

"మాస్టారూ, నాకు ఇంకొక్కసారి అవకాశం ఇవ్వండి" అంది.

"రేపు పొద్దున్న పరీక్ష. అప్పుడు నడుపు."

మర్నాడు ఒక్కొక్కరినే పంపారు, తలా మూడు చుట్లు. సుభద్ర వంతు తొమ్మిదోది. ఆమె బండెక్కింది. హెల్మెట్ బెల్టు బిగించుకుంది. సీటు మీద కాస్త ముందుకు జరిగి, క్లచ్ మెల్లగా వదిలింది.

గోడ దగ్గరున్నవాళ్ళకి అందులో చూడటానికేమీ కనబడలేదు. టైర్లు అరవలేదు. రాళ్ళు లేవలేదు. బండి కొడవలి మలుపులోకి వెళ్ళింది, బయటికొచ్చింది. మూడుసార్లూ ఒకే గీత మీద.

"ఇవాళ తగ్గించి నడుపుతోంది. నిన్న పడటంతో భయపడినట్టుంది" అన్నాడు బెంగుళూరు ఇంజినీరు.

మాస్టారు స్టాప్‌వాచ్ అతని ముందు పెట్టాడు. నిమిషం ముప్పై ఆరు. ఇంజినీరు దాన్ని చేతిలోకి తీసుకుని మరోసారి చూశాడు. ఆ తరగతిలో అప్పటిదాకా అంత తక్కువ సమయం ఎవరికీ రాలేదు.

సుభద్ర గోడ దగ్గరికి వచ్చి ఆగింది. తన సమయం ఎంతో అడగలేదు.

"మీ పన్నెండు మందికీ నేర్పడం ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాడు మాస్టారు.

"సోమవారం నుంచండి."

"మంచిది. దిగు మరి."

ఆమె వెంటనే దిగలేదు. కాళ్ళు రెండూ నేల మీద గట్టిగా ఆనించి, బండిని నిటారుగా పట్టుకుని, వెనక మనిషి దిగేదాకా ఆగినట్టు కాసేపు అలాగే ఉంది.