ఒక్క బావి లంక, తొమ్మిది వేల బావుల రాజ్యం

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా ఇంకా పుట్టని కాలంలో, ఒక పెద్ద రాజ్యమూ దాని పక్కనే సముద్రంలో ఒక చిన్న లంకా ఉండేవి.

రాజ్యం పేరు పృథులదేశం. ఎంత పెద్దదంటే, ఈ కొసన పొద్దు పొడిచి బారెడు ఎక్కినా ఆ కొసన ఇంకా కోడి కూసేది కాదు. మంచి గుర్రమెక్కి బయలుదేరినా అవతలి పొలిమేర చేరడానికి నలభై రోజులు పట్టేది. దానికి కొండలున్నాయి, ఏరులున్నాయి, మంద మందలుగా ఏనుగులున్నాయి. దాన్ని ఏలే రాజు భూరివర్మ.

లంక పేరు గవ్వలంక. అదీ ఆ రాజు గొడుగు కిందిదే. కాకపోతే తన మంచిచెడ్డలు తానే చూసుకునేది. అరవై ఇళ్ళు, మూడు వందల పన్నెండు మంది మనుషులు, కొబ్బరి చెట్లు, పడవలు, వలలు. అంతే.

ఆ లంకకు పెద్ద మరిడమ్మ. యాభై ఏళ్ళు దాటిన మనిషి. అబద్ధం ఆడదు, గొంతు పెంచదు. ఆ రెండూ చూసే లంకవాళ్ళు ఆమెను పెద్దగా కూర్చోబెట్టారు.

భూరివర్మ చెడ్డవాడు కాదు గానీ, తన గొప్ప తాను వినాలని మహా సరదా. పట్టాభిషేకం జరిగిన రోజు తిరిగి వచ్చిందంటే చాలు, కోట వాకిట ఒక పెద్ద చెక్క పలక వేలాడదీయించేవాడు. ఎడమ పక్క పృథులదేశం, కుడి పక్క ఏదో ఒక చిన్న దేశం. వాళ్ళకు కొండలు రెండు, మనకు రెండు వందలు. వాళ్ళకు ఏరు ఒకటి, మనకు పదకొండు. జనం వచ్చి అది చదివించుకుని చప్పట్లు కొట్టాలి. రాజుగారు మేడ మీద నిలబడి ఆ చప్పట్లు వినాలి. అదీ పండగ.

ఆ ఏడు వంతు గవ్వలంకకు వచ్చింది.

లంకను కొలిచి రమ్మని కూర్మయ్య అనే కొలతల ఉద్యోగిని పంపారు. ఆయన రాజ్యంలో కొలిచే తాడే పట్టుకొచ్చాడు. ఒడ్డున మేకు కొట్టి తాడు విప్పుకుంటూ నడిచాడు. చుట్టలో సగం కూడా విప్పలేదు, ఎదురుగా మళ్ళీ సముద్రం వచ్చేసింది. మిగిలిన చుట్ట చేతిలోంచి జారి నీళ్ళలో పడి తడిసి ముద్దయింది. లంకలో పిల్లలు పకపకా నవ్వారు. పాపం కూర్మయ్య కూడా నవ్వాడు. తాడు ఎండేసి, ఒడ్డు నుంచి ఒడ్డుకూ, ఇళ్ళ నుంచి బావికీ అడుగులు లెక్కపెట్టి కొలుచుకుని, రెండు చెంబుల మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆయన తెచ్చిన కొలతలు చూసి మంత్రి శతానందుడు పెదవి విరిచాడు. ఇంత పిసరును పలక మీద మన పక్కన రాయడమే తలవంపు అన్నాడు. అక్కడి మనుషుల్ని తెచ్చి మన ఊళ్ళలో సర్దేద్దాం, లంకలో రాజుగారికి వేసవి మేడ కట్టిద్దాం అన్నాడు. రాజుకు మేడ మాట నచ్చింది. అయినా న్యాయం తప్పాడన్న పేరు రాకూడదు కదా. అందుకని ఇలా కబురు చేశాడు. లంక పెద్ద సభకు రావాలి. మూడు పోలికలు పెడతాం. మూడింటిలో ఏ ఒక్కదానిలోనైనా లంక మా రాజ్యానికి తీసిపోకుండా నిలిస్తే దాని జోలికి రాము. లేదంటే పున్నమి నాటికి లంక ఖాళీ చేయాలి. మనుషుల్ని నాలుగు ఊళ్ళలో పంచుతాం.

ఆ కబురు విన్నాక లంకలో పొయ్యి మీద కుండ పెట్టిన వాళ్ళు లేరు. అందరూ ఇసకలో చేరారు. తలో మాటా అన్నారు. పడవల సింహాద్రి ముందుకొచ్చి, "మరిడమ్మొదినా, మనం మూడు వేల మందిమని చెప్పేయ్. ఎవడొచ్చి లెక్కపెడతాడు?" అన్నాడు.

"వచ్చి లెక్కపెడితేనో?"

"కొబ్బరి చెట్లకు తలపాగాలు చుడదాం."

అంత దిగుల్లోనూ అందరూ నవ్వారు. మరిడమ్మ కూడా నవ్వింది గానీ, ఆమె లోపల వేరే ఆలోచన తిరుగుతోంది. నాలుగు ఊళ్ళు. తోడికోడలు ఒక ఊళ్ళో, మనవరాలు ఒక ఊళ్ళో, తానొక ఊళ్ళో. చుట్టూ కొత్త మొహాలు. గుమ్మంలో నిలబడి పిలిస్తే పలికేవాళ్ళెవరు? అయినా లేచి, ఉన్నది ఉన్నట్టే చెబుతానని, ఆపైన ఏది తోస్తే అది అడుగుతానని చెప్పి పడవెక్కింది.

సభ చూస్తే ఆమెకు కళ్ళు తిరిగాయి. ఒక్కో స్తంభం లంకలో ఒక్కో ఇల్లంత లావుంది. కూర్చోమన్న వాళ్ళు లేరు. నిలబడే చేతులు జోడించింది.

మొదటి పోలిక నేల. మంత్రి లేచి, మా రాజ్యం దాటడానికి గుర్రానికి నలభై రోజులు, మీ లంక దాటడానికి ఎంత అని అడిగాడు. గుర్రాన్ని తానెప్పుడూ చూడలేదని మరిడమ్మ ఒప్పుకుంది. ఒక చంటిపిల్ల ఈ ఒడ్డున ఏడుపు మొదలెడితే, వాళ్ళమ్మ ఆ ఒడ్డునుంచి పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేసరికి పిల్ల ఇంకా రెండో గుక్క పట్టదని చెప్పింది. సభంతా గొల్లుమంది. మంత్రి కొలత రాయించాడు. లంక ఓడింది.

రెండో పోలిక జనం. మా రాజ్యంలో జనాన్ని లెక్కపెట్టబోయిన ముగ్గురు గణకులు లెక్క తేలకుండానే ముసలివాళ్ళయిపోయారని మంత్రి మీసం దువ్వుకున్నాడు. మరిడమ్మ వేళ్ళు ముడుచుకుంటూ, మేం మూడు వందల పన్నెండు మందిమండీ అంది. కావాలంటే అందరి పేర్లూ చెబుతానంది. అక్కర్లేదన్నారు. మళ్ళీ నవ్వారు. లంక రెండోసారి ఓడింది.

ఇక మిగిలింది ఒక్కటే.

మూడో పోలిక నీళ్ళు. మంత్రి గొంతు సవరించుకుని, "మా రాజ్యంలో మంచినీటి బావులు తొమ్మిది వేలు. మీకెన్నమ్మా?" అన్నాడు.

"ఒకటండీ."

ఇంక నవ్వడానికి కూడా ఓపిక లేనట్టు మంత్రి చెయ్యి ఊపాడు. లెక్కలు రాసే రాయసగాడు గంటం ఎత్తాడు. ఆ గంటం తాటాకుకు తగిలితే లంక పోయినట్టే. సరిగ్గా అప్పుడు మరిడమ్మకు ఒక సంగతి తోచింది. తాను పొద్దున రేవు నుంచి కోటకు నడిచి వస్తుంటే దారి పొడుగునా ఆడవాళ్ళు ఎదురయ్యారు. అందరి నెత్తినా బిందెలే. ఇన్ని బావులున్న చోట ఇంతమంది ఇంత దూరం ఎందుకు నడుస్తున్నారని అప్పుడే అనిపించింది, సభ భయంలో మర్చిపోయింది.

"మారాజా, ఒక్క మనవి. బావుల్ని లెక్కపెట్టారు, బాగానే ఉంది. బిందె పట్టుకున్న మనిషి బావి దాకా ఎన్ని అడుగులు వేయాలో అది కూడా కొలుస్తారా?" అంది.

శతానందుడు ఫక్కున నవ్వాడు. "తొమ్మిది వేల బావులున్న చోట నడకేమిటి? నీ ఇష్టం వచ్చినట్టు కొలుచుకోవమ్మా, తొమ్మిది వేలు తొమ్మిది వేలే."

రాజుకు అదీ తమాషాగానే అనిపించింది. మంత్రి ఒప్పుకున్నాడు గనక అలాగే కొలుద్దాం అన్నాడు. ముందు కూర్మయ్యను పిలిచి లంక సంగతి చెప్పమన్నాడు. కూర్మయ్య తాటాకు తీసి చదివాడు. లంకలో బావికి అన్నిటికన్నా దూరపు ఇల్లు నూట అరవై అడుగులు. తాను దాహమని అడగగానే ముక్కూ మొహం ఎరగని మనిషి చేదతో తోడి చెంబు చేతికిచ్చిందని కూడా, ఎవరూ అడక్కపోయినా, చెప్పాడు.

ఇప్పుడు రాజ్యం వంతు. సభలో ఉన్న ఆడవాళ్ళలో ముగ్గురిని పిలవమన్నాడు రాజు.

మొదట సభ ఊడ్చే కొండాలు వచ్చింది. వాళ్ళ వీధిలో బావి ఉందంది. మంత్రి తల పంకించాడు. ఆ బావికి తాళముందని, తాళంచెవి సేనాపతిగారింట్లో ఉందని, అందుకని తాను ఏటికి పోతానని చెప్పింది. పోవడానికి మూడు వేల నాలుగు వందల అడుగులు. అంత కచ్చితంగా ఎలా తెలుసని రాజు అడిగాడు. "చిన్నప్పటి నుంచీ లెక్కపెట్టుకుంటూ నడుస్తానండీ. లేకపోతే బరువు తెలుస్తుంది" అంది.

తర్వాత రావులమ్మ. పడమటి మెట్ట నుంచి, తన మేకను ఎవరో తోలుకుపోయారని ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చిన రైతు భార్య. అడుగులు లెక్కపెట్టడం తనకు రాదంది. వాళ్ళ ఊళ్ళో నాలుగు బావులున్నాయి. నాలుగూ నలుగురివి, చుట్టూ ముళ్ళకంపలు. తాను పొద్దున పక్క ఊళ్ళో ఇసకలో తవ్విన చెలమకు బయల్దేరితే, తిరిగి వచ్చేసరికి నీడ కాళ్ళ కిందికి వచ్చేస్తుందని చెప్పింది. తర్వాత మేక సంగతి మొదలెట్టబోతే ఆపారు.

రాజు మొహం చిన్నబోయింది. మంత్రి మాత్రం, ఎవరో ఇద్దరి మాట పట్టుకుంటే ఎలాగన్నాడు. మూడో మనిషిని తానే పిలుస్తానని, రాజుగారి కుటుంబంలో మనిషి లాంటిదాన్నే పిలిపించాడు. ఆమె అచ్చమ్మ. భూరివర్మకు తల్లి లేదు. ఆయన్ని పాలిచ్చి పెంచిన దాది ఆవిడే. ఈవిడ కోట గోడ పక్కనే ఉంటుంది, ఆ పక్కనే కొబ్బరినీళ్ళలాంటి బావి ఉంది, ఇక నడకెక్కడిదని మంత్రి ధీమా.

ముసలావిడ కర్ర ఊతగా వచ్చి నిలబడింది. మొదట ఏమీ లేదు నాయనా, బాగానే ఉన్నానంది. రాజు సింహాసనం దిగి దగ్గరికొచ్చి నిజం చెప్పమన్నాడు. అప్పుడు చెప్పింది.

"ఆ బావి నీ ఏనుగుల స్నానానికని నువ్వేగా నాయనా తాళం వేయించావు. ఏటికి పోయి తెచ్చుకుంటున్నాను. ఏనుగులకైతే నాలుగు కాళ్ళున్నాయి, నాకు రెండే. అవీ ముసలివి."

భూరివర్మ ఆమె చేతిలో కర్ర వంక చూశాడు. నాకెందుకు చెప్పలేదమ్మా అంటే, పాలిచ్చిన బిడ్డ మీద ఎవరైనా పితూరీ చెబుతారా అందామె.

అప్పుడు రాజు మరిడమ్మ వైపు తిరిగాడు. మూడు వందల పన్నెండు మందికి ఒక్కటే బావి అయితే మీలో కొట్లాటలు రావా అని అడిగాడు. ఈసారి అడిగింది వెక్కిరించడానికి కాదు, తెలుసుకోవడానికి.

మాటలు చాలానే వస్తాయని ఒప్పుకుంది మరిడమ్మ. చేద ముంచి వదిలేసేవాళ్ళూ ఉన్నారు, బావి దగ్గర కబుర్లు పెట్టుకుని దారి ఇవ్వనివాళ్ళూ ఉన్నారు. కానీ పొమ్మనే హక్కు ఎవరికీ లేదంది. ఎందుకంటే ఏటా ఎండలు ముదిరేటప్పుడు ఇంటికో గుప్పెడు కొబ్బరిపీచు తెస్తారు. అరవై గుప్పెళ్ళూ ఒక్క కుప్ప పోసి కలిపేస్తారు. ఆ కుప్పలోంచే చేదతాడు పేనుతారు. చిన్నా పెద్దా అందరూ తలా కాస్త పురి పెడతారు. ఇక ఆ తాడులో ఎవరి పీచు ఎక్కడుందో పేనిన వాళ్ళకే తెలియదు.

"ఎవరు తాడు పట్టుకున్నా అందులో వాళ్ళ పీచు ఉంటుంది మారాజా. ఇంక ముట్టుకోవద్దని ఎవరిని అంటాం?"

భూరివర్మ రాయసగాడి చేతిలోంచి గంటం తానే తీసుకున్నాడు. మూడో పోలికలో గవ్వలంక గెలిచింది అని పెద్ద అక్షరాలతో రాశాడు. ఆ లంక ఏనాటికీ లంకవాళ్ళదేనని రాగిరేకు మీద చెక్కించి మరిడమ్మ చేతికిచ్చాడు. ఏనుగుల్ని ఆ పూటే ఏటికి తోలమన్నాడు. తాళాలూ ముళ్ళకంపలూ తీయించే పని శతానందుడికే అప్పగించాడు. ప్రతి బావి దగ్గరా ఇంటింటి పీచుతో తాడు పేనించాలని, మొదటి గుప్పెడు మంత్రిగారింటి నుంచే రావాలని చెప్పాడు.

మరిడమ్మ రేవుకు బయలుదేరితే కొండాలు ఒక పక్కా రావులమ్మ ఒక పక్కా నడిచారు. దారిలో బిందెలతో ఎదురైన ఆడవాళ్ళంతా వెనక్కి తిరిగి వాళ్ళతో కలిశారు. రేవు చేరేసరికి అదొక ఊరేగింపయింది. రాజుగారి పండగకు కూడా ఎన్నడూ మోగనన్ని చప్పట్లు ఆ రేవులో మోగాయి.

లంక ఒడ్డున మూడు వందల పదకొండు మందీ ఎదురుచూస్తున్నారు. పక్కన అరవై ఇళ్ళ మూటలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. పడవ ఇసకకు తగిలింది. ఏమైంది వదినా అంటూ సింహాద్రి పడవకు ఎదురొచ్చాడు.

మరిడమ్మ మోకాటి లోతు నీళ్ళలోకి దిగి రాగిరేకు పైకెత్తి, "మూటలు విప్పండి. ఎవరింటికి వాళ్ళు పోయి ఎసరు పెట్టండి" అంది.

చూశారా పిల్లలూ, ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు, ఉన్నది చివరి మనిషి దాకా అందుతోందా లేదా అన్నదాన్ని బట్టే ఏ దేశమైనా పెద్దదవుతుంది.