పులగమ్మ కొండపై ఉప్పులేని ప్రసాదం

పులగమ్మ కొండ మీది అమ్మవారి చేతిలో కత్తి లేదు, శూలం లేదు. కుడిచేతిలో అన్నం ముద్ద ఉంటుంది. ఇక్కడి ప్రసాదమైన పులగంలో ఉప్పు వేయరు. కొత్తగా వచ్చిన భక్తులు మొదటి ముద్దకే మొహం చిట్లించి పక్కవాళ్ళ వంక చూస్తారు. చూడనివ్వండి, దాని వెనక కథ ఉంది.

పూర్వం ఈ కొండ కింద గొర్రెల కాపరుల గూడెం ఉండేది. దానికి పెద్ద ఓబన్న. ఆయన పెద్దకోడలు తిప్పక్క ఇంటిల్లిపాదికీ వండి వార్చేది. వంట కుదిరిన రోజున అందరూ కిక్కురుమనకుండా తిని, చేయి కడుక్కుని లేచిపోయేవారు. ఉప్పు తగ్గిన రోజున మాత్రం ఆ సంగతి గూడెమంతటికీ తెలిసేది. ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చటే అనుకునేరు సుమా.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి మాడి గొర్రెలు బక్కచిక్కాయి. కొండమీది అమ్మవారు అప్పటికి ఆకారం లేని ఉత్త రాయి. ఆమెకు పులగం నైవేద్యం పెట్టాలని పెద్దలు తీర్మానించగా, వంట తిప్పక్క మీద పడింది. నైవేద్యాన్ని వండేవారు రుచి చూడరాదు కదా. గూడెం బతుకంతా తన గరిటె మీదే ఉందన్న కంగారులో ఆమె ఉప్పు వేయడం మరచిపోయింది.

నైవేద్యం అయ్యాక అందరూ ఆ రాయి ముందే బంతిన కూర్చున్నారు. ఓబన్న మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మకు చప్పిడి కూడు పెట్టావా? ఇక వాన పడినట్టే. రేపే నిన్ను పుట్టింటికి పంపించేస్తాను" అన్నాడు. తిప్పక్క మొగుడు తల వంచుకున్నాడు.

బంతి చివర ఎవరూ ఎరగని ముసలమ్మ ఒకతె కూర్చుని ఉంది. ఆకు ఖాళీ చేసి, "కడుపు నిండింది తల్లీ. వండిన చేతులు చల్లగా ఉండాలి" అంది. ఆ తర్వాతే, "ఇంకో ముద్ద పెట్టు. ఓ ఉప్పుకల్లు కూడా వెయ్యి" అని అడిగింది.

కాపురానికి వచ్చాక తిప్పక్క అలాంటి మాట వినడం అదే మొదలు. ఏడుపు ఆపుకోలేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ ఉప్పు తెచ్చేసరికి ముసలమ్మ లేదు. రాతి మీద అమ్మవారి రూపం వెలసి ఉంది, చేతిలో ముద్దతో.

ఓబన్న లేచి కోడలి ముందు నిలబడ్డాడు. ఒక్క కేకతో మందను మళ్ళించే మనిషికి నాలుక తడబడింది. "ఇన్నేళ్ళూ... బాగానే వండావమ్మా. నువ్వెక్కడికీ పోవద్దు" అన్నాడు చివరికి. ఆ సాయంత్రమే వాన పడిందని కాపరులంటారు, మర్నాడని పూజారులంటారు. పడిన మాట నిజం.

నేటికీ గుడిలో వంటామె పక్కనే రాతి తొట్టిలో ఉప్పు ఉంటుంది. చప్పిడి ముద్ద తిని, "వండిన చేతులు చల్లగా ఉండాలి తల్లీ" అన్నవారికే ఆమె ఉప్పు వేస్తుంది. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు సైతం ఆకు పట్టుకుని, ఆ మాటను లోలోపల వల్లెవేసుకుంటూ వరుసలో నిలబడతారు. ఇక్కడ నేర్చిన మాటను ఇంటికి వెళ్ళి కూడా అన్నవారి వంటింటిని అమ్మ చల్లగా చూస్తుంది. మొదటిసారి నాలుక తడబడుతుంది. ఫరవాలేదు, ఓబన్నకూ తడబడింది.