రెడ్డెప్ప నిద్ర

రెడ్డెప్ప లారీ దిగి ఇంటికి పోలేదు. ముఖం కూడా కడుక్కోలేదు. మదనపల్లె బైపాసు మీద దస్తగిరి సాహెబు టార్పాలిన్లు కుట్టే రేకుల షెడ్డులోకి వచ్చి, చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరికొట్టాడు.

"ఉస్తాద్! ఓనరుకు మీరొక మాట చెప్పల్ల. నా బండిలో ఇంక రెండో డ్రైవరు వద్దు. ఎవుడూ వద్దు."

దస్తగిరి సాహెబుకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్లు లారీ తోలాడు. ఆ ఊళ్లో సగం మంది డ్రైవర్లకు స్టీరింగ్ పట్టించింది ఆయనే, అందుకే అందరికీ ఉస్తాద్. దూరపు చూపు తగ్గాక బండి దిగి దబ్బనం పట్టుకున్నాడు. ఓనరు తండ్రి కాలంలో మొదటి లారీ తోలింది కూడా ఆయనే కాబట్టి ఓనరు ఆయన మాట కాదనడు.

ఉస్తాద్ తలెత్తలేదు. "కూచో. ఎందుకు వద్దు?"

"ఎందుకా? పదకొండేండ్లు ఒక్కన్నే తోలినా. ఢిల్లీకి టమోటా ఎన్నిసార్లు కొట్టినానో లెక్కలేదు. ఒక్క గీత పడనీలేదు బండికి. ఇప్పుడు సరుకు తొందరగా చేరల్లంట, ఇద్దరు తోలల్లంట! ఆ చలపతిగాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టినారు. సీటు ముందుకు జరుపుతాడు. అద్దం తిప్పుతాడు. వాడు గేరు మార్చినప్పుడల్లా నా పండ్లు జివ్వుమంటాయి."

"వాడు తోలేటప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఇంకేం చేస్తా? కండ్లు పెట్టుకోని చూస్తా ఉంటా. వాన్ని నమ్మి పడుకోమంటారా?"

"నువ్వు తోలేటప్పుడు వాడేం చేస్తాడు?"

"పడుకుంటాడు! వెనక బెర్తు మీద గుర్రు పెట్టి పడుకుంటాడు. సిగ్గులేని నా కొడుకు."

ఉస్తాద్ దబ్బనంలోకి దారం ఎక్కించాడు. ఒళ్లోని టార్పాలిన్ అంచు మడిచి, దాని కొస రెడ్డెప్ప చేతికిచ్చాడు. "బిగించి పట్టుకో. చెప్పు."

రెడ్డెప్ప బిగించి పట్టుకుని చెప్పాడు. నాగపూర్ దాటాక జరిగింది అది. మిట్టమధ్యాహ్నం. చలపతి రెండుసార్లు స్టీరింగ్ అడిగాడు, తాను ఇవ్వలేదు. ఒక వంతెన మీదికి వచ్చేసరికి చలపతి ఉన్నట్టుండి పక్కసీట్లోంచి మీదపడి స్టీరింగ్ పట్టి లాగాడు. బండి ఎడమవైపు మొత్తం పిట్టగోడకు రాసుకుపోయింది. అద్దం పోయింది, హెడ్‌లైటు పోయింది, తలుపు లోపలికి పోయింది.

"నేను తోలతా ఉండంగ నా స్టీరింగ్ మీద చెయ్యి వేస్తాడా వాడు! అక్కడే చెంప పగలగొట్టినా. అక్కడినుంచి ఢిల్లీ దాకా, ఢిల్లీనుంచి ఇక్కడి దాకా వాని చేతికి స్టీరింగ్ ఇయ్యలేదు. ఇందాక రాంగానే ఓనరుకు చెప్పినా. బండి దిగిపొమ్మన్నాడు వాన్ని."

"మరి అయిపోయింది గదా. ఇంకా ఎందుకు మండిపోతున్నావు?"

రెడ్డెప్ప కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది. "స్టాండులో నిలబడి అందరికీ ఏం చెప్పినాడో తెలుసునా? రెడ్డెప్పన్న నిద్రపోయినాడంట! నేను! బండి గోడమీదికి పోతా ఉంటే తాను తిప్పి కాపాడినాడంట! మీరు నేర్పిన చెయ్యి ఉస్తాద్ ఇది. నేను స్టీరింగ్ మీద నిద్రపోతానా? ఒకసారి, ఒకే ఒకసారి వాడు నాకు ఒంటరిగా దొరకల్ల..."

మసీదులోంచి అజాన్ వినిపించింది. ఉస్తాద్ దబ్బనాన్ని టార్పాలిన్‌కే గుచ్చి లేచాడు.

"అసర్ నమాజు చేసుకోని వస్తా. కొస వదలద్దు. మడత చెడిపోతాది."

"పోయి రాండి."

రెడ్డెప్ప స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. బైపాసు మీద లారీలు పోతున్నాయి. చలపతి ముఖం కళ్లముందే ఉంది. వాణ్ని ఇంకా ఏమేం తిట్టాలో ఒక్కొక్క మాటే పేర్చుకుంటున్నాడు. ఓనరు ముందు ఏమనాలి, స్టాండులో ఏమనాలి. పదకొండేండ్లు అనాలి. ఒక్క గీత అనాలి.

ఎదురుగా ఉస్తాద్ కూర్చుని కుడుతున్నాడు.

"ఏం ఉస్తాద్, నమాజుకు పోలేదా ఇంకా?"

"పోయొచ్చినా."

"ఎప్పుడు?"

ఉస్తాద్ దబ్బనంతో చూపించాడు. టార్పాలిన్ కొస స్తంభానికున్న మేకుకు తగిలించి ఉంది. అక్కడినుంచి రెండు బారల మేర కొత్త కుట్టు పడి ఉంది. రెడ్డెప్ప పిడికిలి మాత్రం ఒళ్లో అట్లాగే బిగిసి ఉంది. అందులో ఏమీ లేదు.

రెడ్డెప్పకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాడు.

"మీరే లాక్కున్నారు! నేను పట్టుకోనే ఉన్నా. కండ్లు తెరుచుకోనే ఉన్నా. మీరే నా చేతిలోనుంచి లాగి..."

మాట అక్కడ ఆగిపోయింది.

ఉస్తాద్ దారం పళ్లతో కొరికి తెంపాడు. మళ్లీ కొత్త దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. రెడ్డెప్ప పిడికిలి విప్పి అరచేతిని చూసుకున్నాడు. ఇంత కోపమూ ఎవరిమీద పడాలో అతనికి తెలియలేదు. తర్వాత చెప్పుల కోసం వెతుక్కున్నాడు. ఒకటి దొరికింది. రెండోది వెతకడానికి ఓపిక లేక ఆ ఒక్కటీ వదిలేసి వట్టికాళ్లతోనే బయటికి నడిచాడు.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు ఐదారుగురు డ్రైవర్లున్నారు. చలపతి తన దుప్పటి, బట్టల సంచి బండిలోంచి దించుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి అతనికి. ఎడమ చెంప ఇంకా కమిలి ఉంది. రెడ్డెప్పను చూడగానే సంచి కింద పడేసి పిడికిళ్లు బిగించాడు.

రెడ్డెప్ప అతని దగ్గరికి పోలేదు. గుమ్మంలో నిలబడి లోపల ఉన్న ఓనరుకు వినపడేట్టు అన్నాడు.

"సార్, ఇందాక నేను చెప్పింది తప్పు. నేను నిద్రపోయినా. నాకే తెలీలేదు. ఈ పిల్లోడు స్టీరింగ్ తిప్పకపోయింటే ఇద్దరమూ వంతెన కింద ఉండేవాళ్లం."

ఓనరు బయటికి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

రెడ్డెప్ప అప్పుడు చలపతి వైపు తిరిగాడు. "తప్పయిపోయింది అబ్బా."

చలపతి ముఖం మెత్తబడలేదు. ఇంకా ఎర్రబడింది.

"ఎంత సులభంగా చెప్తాండావు అన్నా! ఢిల్లీ నుంచి ఈడికి నీ పక్కన కూచోని నీ తిట్లు తిన్నా. నీ తల వాలినప్పుడల్లా దగ్గినా, తలుపు కొట్టినా, పాటలు పెట్టినా. తిరిగొచ్చేటప్పుడు కూడా నువ్వు నిద్రపోతా ఉండినావు. ఎన్నిసార్లో తెలుసునా? నేను రెప్ప వేయలేదు. నా బిడ్డ ముఖం చూస్తానో లేదో అనుకుంటా వచ్చినా. ఈడికి రాంగానే నా పనే ఊడగొట్టినావు. ఇప్పుడు తప్పయిపోయిందంటే సరిపోయిందా?"

రెడ్డెప్ప అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొట్టినా నిలబడేవాడే. చలపతి కొట్టలేదు. పక్కకు ఉమ్మేశాడు.

ఓనరు వెళ్లి నలిగిన తలుపు చూసి వచ్చాడు. "తలుపు, లైటు ఎల్లుండికి బాగవుతాయి. ఆ పొద్దున్నే ఢిల్లీకి లోడుంది. చలపతీ, నువ్వే పెద్ద డ్రైవరువి. నీకు పక్కన ఎవరు కావల్నో చెప్పు. వీడు వద్దంటే వీన్ని తీసేస్తా."

చలపతి కింద పడిన సంచి తీసుకుని దుమ్ము దులిపాడు. ఆ రోడ్డు రెడ్డెప్పకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి కూడా అతనికి కోపమే తెప్పించినట్టుంది.

"రానీ," అన్నాడు చివరికి. "కానీ మొదట స్టీరింగ్ నాది. నేను దిగమన్నప్పుడు దిగల్ల. నాతో మాట్లాడద్దు."

ఎల్లుండి పొద్దున పది గంటలకు లోడు బయలుదేరింది. రెడ్డెప్ప బెర్తు ఎక్కి పడుకున్నాడు. కదిరి వచ్చేదాకా ప్రతి బ్రేకూ లెక్కపెట్టాడు. చలపతి గేరు మార్చినప్పుడల్లా నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగాడు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాడు. కదిరి తర్వాత ఏ ఊరు వచ్చిందో అతనికి గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి పొద్దు గుంకుతోంది.

"ఏడున్నాం?" అని అడిగాడు.

చలపతి వెనక్కి తిరగలేదు. "కర్నూలు దాటినాం. లేచి ముఖం కడుక్కో," అని బండి పక్కకు తీసి ఆపాడు.

పది రోజుల తర్వాత రెడ్డెప్ప షెడ్డుకు వచ్చాడు. ఉస్తాద్ చేతిలోని టార్పాలిన్ వేరే లారీది. చెప్పకుండానే రెడ్డెప్ప అంచు పట్టుకున్నాడు.

"ఢిల్లీకి పోయొచ్చినాం ఉస్తాద్. సరుకు ఒకపూట ముందే చేరింది."

"ఊఁ."

"వాడు మాత్రం నాతో ఒక్క మాట మాట్లాడడు. ఊరి పేరు చెప్తాడు, అంతే. అన్నం కూడా వేరే బల్ల మీద కూచోని తింటాడు. తప్పయిందని మూడుసార్లు చెప్పినా. ఇంకా కోపంగానే ఉన్నాడు. ఎన్నాళ్లుంటాది ఇట్ల?"

ఉస్తాద్ దబ్బనం గుచ్చి, దారం బారెడు పొడవు లాగాడు.

"ఉండనీ. కోపంగా ఉంటే మేలుకోని ఉంటాడు. నువ్వు పడుకో."